సున్నం కొట్టిన చెక్‌పోస్టు

ఆ సోమవారం ఉదయానికి వెంకటకృష్ణారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే లేచి స్నానం చేసి, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా తొడుక్కుని, విజయవాడలో బయల్దేరి, చల్లపల్లికి ఇవతల కాలువ వంతెన పక్కనున్న పాత చెక్‌పోస్టుకు చేరుకోవడం. తొమ్మిదింటికి వచ్చే జర్మనీ అతిథికి దాన్ని దగ్గరుండి చూపించడం. మధ్యాహ్నం కడుపునిండా భోజనం పెట్టి సాగనంపడం. ఈ పథకంలో పోలీసులు రావలసిన అవసరం ఎక్కడా లేదు.

ఆ చెక్‌పోస్టు ఒకప్పుడు మార్కెట్ కమిటీది. ధాన్యం గానీ, అరటి గానీ, కొబ్బరి గానీ, ఆ ప్రాంతంలో పండింది ఏది రోడ్డెక్కినా అక్కడ ఆగి, రుసుము కట్టిన రసీదు చూపించి కదలాల్సిన రోజుల్లో వెంకటకృష్ణారావు దానికి సూపర్‌వైజరు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం దాదాపు అక్కడే గడిచింది. మధ్యలో రెండుసార్లు బదిలీ చేసి చూశారు గానీ, వెళ్లినచోటల్లా ఆయన రూల్సు మాట్లాడటంతో అక్కడివాళ్లు దణ్ణం పెట్టి వెనక్కి పంపేశారు. అన్నేళ్ళలో ఆయన ఎవరి దగ్గరా ఏమీ ముట్టుకోలేదు. టీ కూడా సొంత ఖర్చుతోనే తాగాడు. తర్వాత ప్రభుత్వం చెక్‌పోస్టు ఎత్తేసింది, ఆయన రిటైరై విజయవాడలో ఫ్లాటుకు మారాడు, అక్కడితో కథ అయిపోవాలి.

కానీ లోకం ఊరుకుంటుందా? అపార్టుమెంటులో కొత్తగా దిగినవాళ్లు "ఏం చేసేవారండీ?" అని అడుగుతారు. "చెక్‌పోస్టులో సూపర్‌వైజర్ని" అంటాడు. "ఓహో" అంటారు. ఆ ఓహో వెనకాలే ఒక చిన్న నవ్వు వస్తుంది. ఆ నవ్వు చూసినప్పుడల్లా వెంకటకృష్ణారావుకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పోనీ "నేను తినలేదండీ" అని చెప్పుకుందామా అంటే, గుమ్మడికాయల దొంగ సామెత ఒకటి ఏడ్చి చచ్చింది. ఈ వయసులో ఆయనకు కావలసింది ఒక్కటే. ఎవరో ఒకరు, పరాయివాడైనా సరే, తన చెక్‌పోస్టు చూసి, ఇక్కడొక నిజాయితీపరుడు పనిచేశాడని ఒప్పుకోవాలి. అంతే.

ఆ ఒకరు జర్మనీ నుంచి ఊడిపడ్డాడు. వెంకటకృష్ణారావు కూతురు కీర్తన బ్యాంకులో పనిచేస్తుంది. ఆ మధ్య అటుగా వెళ్తూ పాడుపడ్డ చెక్‌పోస్టును ఫోటో తీసి, "మా నాన్న పనిచేసిన చోటు" అని ఇంటర్నెట్‌లో పెట్టింది. దాన్ని చూసి డీటర్ అనే పెద్దాయన ఉత్తరం పంపాడు. ఆయన పుట్టింది పశ్చిమ బెర్లిన్‌లో. అప్పట్లో జర్మనీ రెండు దేశాలు. ఈయన ఊరేమో అవతలి దేశం మధ్యలో ఇరుక్కుపోయింది. కారు తీసి ఎటు వెళ్లాలన్నా ఆ పరాయి దేశపు రోడ్డు మీదుగానే పోవాలి, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ దాని సరిహద్దు చెక్‌పోస్టుల్లో ఆగాలి. తర్వాత గోడ కూలి రెండు దేశాలూ ఒకటయ్యాయి. చెక్‌పోస్టులు ఖాళీ అయ్యాయి. కొన్నిటిని మ్యూజియంలు చేశారు, కొన్నిచోట్ల లారీలు నిలుపుకుంటున్నారు, మిగతావాటిలో గడ్డి మొలిచింది. ఆ పాత రోడ్లన్నీ కారులో తిరుగుతూ ఆయన వాటి ఫోటోలు తీస్తున్నాడు. పుస్తకం వేస్తాడట. ఇతర దేశాల్లో ఇలా పాడుపడ్డవాటికీ అందులో చోటిస్తాడట. అన్నీ రాసి, చివర్లో "నా కోసం దయచేసి ఏమీ మార్చకండి, ఏ శ్రమా పడకండి, ఉన్నది ఉన్నట్టు చూస్తాను" అని ముగించాడు.

వెంకటకృష్ణారావు పప్పులో కాలేసింది ఆ చివరి వాక్యం దగ్గరే.

అతిథి రాక ముందు ఒకసారి చూసి వద్దామని భార్య మాణిక్యంతో కలిసి శనివారం నాడు అక్కడికి వెళ్లాడు. గోడల నిండా పిడకలు. గదిలో మేకలు. కిటికీ కింద సీసా పెంకులు. తాను ముప్ఫై ఏళ్ళు కూర్చున్న చోట ఎవరో వరిగడ్డి కుప్పేసుకున్నారు. ఆయనకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. వాటిలో కోపానికే అలవాటు ఎక్కువ కాబట్టి అదే ముందు బయటికొచ్చింది.

"దేశం కాని దేశం నుంచి వస్తుంటే ఆయనకి చూపించేది ఇదా? మేకల్నా?"

"పాడుపడ్డదే చూస్తానన్నాడు కదండీ ఆయన" అంది మాణిక్యం.

"అతిథన్నవాడు అలాగే అంటాడు. మీ అన్నయ్య వచ్చినప్పుడల్లా ఏమంటాడు? ఏమీ వద్దు చెల్లాయ్, గ్లాసుడు మజ్జిగ చాలంటాడు. మజ్జిగ పోసి ఊరుకున్నావా ఎప్పుడైనా? గారెలు వండి, కోడి కోయించి, పోయేటప్పుడు పచ్చడి జాడీ కూడా కట్టావు."

వద్దన్న అతిథికి పెట్టకుండా పంపిన ఇల్లు ఆ చుట్టుపక్కల ఇంతవరకూ లేదు.

ఒకప్పటి గేటుమాన్ ఎల్లారావు వంతెన అవతలే ఉంటాడు. కబురందగానే వచ్చి చేతులు కట్టుకుని నిలబడి, "మీరు ఊఁ అనండి, మిగతాది నేను చూసుకుంటానండి" అన్నాడు. ఆదివారం సాయంత్రానికల్లా పిడకలు పోయాయి, మేకలు పోయాయి, గోడలకు సున్నం పడింది. ఎవరి పశువుల పాకలోనో దూలంగా పనిచేస్తున్న పాత గేటు కర్రను ఎల్లారావు బతిమాలి తెచ్చి, ఎరుపూ తెలుపూ పట్టీలు వేయించి, యథాస్థానంలో బిగించాడు. "ఆగుము - తనిఖీ" అన్న బోర్డు కొత్త రంగులో వెలిగింది. గుమ్మానికి మామిడాకులు కట్టారు. వెంకటకృష్ణారావు ఫోనులో ఆ ఫోటోలు చూసుకుని, పదవీకాలంలో ఏనాడూ ఇంత బాగా లేదని సంతోషించాడు.

సోమవారం ఎనిమిదిన్నరకు ఆయన వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పక్కన బల్ల మీద చామంతి దండ. అతిథి వచ్చేసరికి గేటు సరిగ్గా లేస్తుందో లేదో చూడాలనిపించింది.

"ఎల్లారావ్, ఒకసారి దించి ఎత్తు."

ఎల్లారావు దించాడు. ఎత్తేలోపు అరటి లారీ ఒకటి వచ్చి ఆగింది.

దాన్ని నడుపుతున్నవాడు నాంచారయ్య. ఏటి లంకల నుంచి పాతికేళ్ళుగా ఆ రోడ్డున అరటి తోలుతున్నాడు. అతను దిగి, సున్నం కొట్టిన గోడలు చూశాడు, బోర్డు చూశాడు, కుర్చీలో వెంకటకృష్ణారావును చూసి నమస్కారం పెట్టాడు. ఎవరూ ఏమీ అనకముందే వెనక్కి వెళ్లి, ఒక గెల భుజానికెత్తుకుని తెచ్చి వరండాలో దించాడు.

"మళ్ళీ తెరిచారాండీ? చెప్పనేలేదెవరూ."

"ఏంటిది?" అన్నాడు వెంకటకృష్ణారావు.

"కర్పూర అరటండి. బాగా పక్వానికొచ్చింది."

"నేనడిగానా? తీసుకెళ్లు."

నాంచారయ్య తల గోక్కుని లారీ దగ్గరికి వెళ్లాడు. వచ్చేటప్పుడు భుజం మీద ఇంకో గెల ఉంది. "కొత్తగా తెరిచారు కదండీ, రేటు పెరిగే ఉంటదిలెండి" అన్నాడు, ఏమాత్రం కష్టపెట్టుకోకుండా.

ఆఫీసరు వద్దన్నాడంటే చాల్లేదని అర్థం. ఆ రోడ్డు మీద స్టీరింగ్ పట్టుకున్న ప్రతివాడికీ ఉగ్గుపాలతో వచ్చిన జ్ఞానమిది. వెంకటకృష్ణారావుకు మాత్రం ఇది తెలియదు. ఆయన గొంతు పెంచి, రెండూ తీసుకెళ్లమన్నాడు. మూడోది వచ్చింది.

ఇక ఆయన ఒళ్ళు మండిపోయింది. ముప్ఫై ఏళ్ళు కాపాడుకొచ్చిన పేరు, అందులోనూ దాన్ని చూడ్డానికి మనిషి వస్తున్న పూట, మూడు అరటిగెలలతో పోవాలా? లేచి నిలబడి, "ఎల్లారావ్, ఇతను తన గెలలు తను లారీలో వేసుకునేదాకా గేటెత్తకు. నా మీద ఆన" అన్నాడు.

ఎల్లారావు ఏదో చెప్పబోయి, మానుకుని, కర్ర మీద చెయ్యేసి నిలబడ్డాడు.

"పెట్టింది ఎనక్కి తీసుకుంటే దారిలో అచ్చిరాదండీ" అన్నాడు నాంచారయ్య. "పిల్లలు గలోణ్ణి. ఇంకో గెల కావాలంటే చెప్పండి, ఇస్తాను. ఇదేం పద్ధతండీ?"

"నాకు పద్ధతి నేర్పుతున్నావా?"

ఇద్దరూ మంకుపట్టు పట్టారు. అడిగితే ఇస్తానని ఒకడు, ఇస్తే వదలనని ఒకడు. ఈలోగా నాంచారయ్య లారీ వెనక చేపల వ్యాను ఆగింది. దాని వెనక కొబ్బరి లారీ, దాని వెనక ఇటుకల ట్రాక్టరు, ఆ వెనక కోళ్ల బండి. ముందేం జరుగుతోందో చూద్దామని వచ్చినవాళ్లకు మూడు గెలలూ, మండిపడుతున్న ఆఫీసరూ కనిపించారు. మూడు గెలలకీ గేటు లేవలేదన్న వార్త నిమిషంలో వెనకదాకా పాకింది. దాంతో ఎవరి జాగ్రత్తలో వాళ్లు పడ్డారు. వ్యాను డ్రైవరు ఐసుతో సహా ఒక చేపల బుట్ట తెచ్చి పెట్టాడు. కొబ్బరికాయలు కుప్పగా పడ్డాయి. ఇటుకల ట్రాక్టరువాడు మొహమాటపడుతూ, వరండా మూల పది ఇటుకలు అందంగా పేర్చి వెళ్లాడు. ప్రతివాడి మీదా వెంకటకృష్ణారావు కేకలేశాడు. ఎంత గట్టిగా కేకేస్తే కుప్ప అంత పెరిగింది.

ఆఖరికి ఆర్టీసీ బస్సు కండక్టరు కూడా దిగొచ్చాడు. "మాకెప్పుడూ లేదు కదండీ ఇది. మేమేమివ్వమంటారు?" అని నిజంగానే దిగులుగా అడిగాడు.

"మీరేమీ ఇవ్వక్కర్లేదు. అసలెవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు."

"అలాగంటే ఎలాగండీ, ప్యాసింజర్లు ఉన్నారు" అన్నాడు కండక్టరు.

మాణిక్యం వంటలు సర్దుకుని ఆటోలో వచ్చింది. ఆటో ముందుకు కదలక, చివరి ఫర్లాంగు క్యారేజీలు మోసుకుంటూ నడిచింది. పులిహోర, గోంగూర, గుత్తివంకాయ, అతిథికి కారం పడకపోతే పెడదామని విడిగా చప్పటి పప్పు. అన్నీ బల్ల మీద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, వరండా అంతా కలియజూసింది.

"కోడెవరిదండీ?"

"నాకు తెలీదు."

"మీ కుర్చీకే కట్టుంది."

వెంకటకృష్ణారావు కిందికి చూశాడు. ఎవరు ఎప్పుడు కట్టారో గాని, కుర్చీ కాలికి ఒక నాటుకోడి ఉంది. అది కూడా ఆయన వైపు నిందగానే చూసింది.

పది దాటింది. జర్మన్లు గడియారం చూసి నడుస్తారంటారు, ఇదేనా నడక అని ఆయనకు అతిథి మీద కూడా కోపం మొదలైంది. అప్పుడే కీర్తన ఫోన్ చేసింది.

"నాన్నా, డీటర్ గారు మెసేజ్ పెట్టారు. తొమ్మిదింటికే సరిహద్దుకి చేరారట. లోపలికి పిలిచేదాకా ఎదురుచూస్తానంటున్నారు."

"పిలవడమేంటమ్మా? దండ పట్టుకుని నేనిక్కడ గుమ్మంలో నిలబడితేను. దిగి నాలుగడుగులు వేస్తే కాళ్ళరుగుతాయా?"

అక్కడ జరిగింది తర్వాత డీటర్ కారు డ్రైవరు హేమసుందర్ చెబితే గాని తెలియలేదు. కొబ్బరి లారీ పక్క నుంచి ముందున్న ఎర్రపట్టీల గేటూ, తనిఖీ బోర్డూ, వాటి పక్కన కేకలేస్తున్న తెల్లచొక్కా మనిషీ కనబడగానే పెద్దాయన మొహంలో నెత్తురు లేకుండా పోయిందట. వెంటనే ఇంజను ఆపించాడు. పాస్‌పోర్టు తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. రెండు చేతులూ పైకి కనబడేలా ముందు సీటు మీద ఆనించాడు. "అది పనిచెయ్యట్లేదండీ, ఎత్తేసి చాలాకాలమైంది, దిగండి" అని హేమసుందర్ చెబితే, పిలవనిదే దిగకూడదు, దిగితే మళ్ళీ మొదటినుంచీ వెతుకుతారు అన్నాడట. చిన్నప్పుడు వాళ్ళ నాన్న కారులో వెనకసీటు కూడా ఊడదీసి చూసేవారట. ఏసీ లేని కారులో, ఆ ఎండలో, అరవై దాటిన మనిషి చెమటలు కక్కుతూ బుద్ధిమంతుడైన పిల్లాడిలా కూర్చున్నాడు. ఇవతల గుమ్మంలో దండ వాడిపోతోంది.

ఇంతలో ఎవరో కుర్రాళ్లు వీడియో తీసి, చల్లపల్లి రోడ్డులో దొంగ చెక్‌పోస్టు వెలిసిందని ఊరంతా పంపారు. లారీల మధ్య సందుల్లోంచి మోటారు సైకిలు మీద ఎస్సై ఉష వచ్చింది. దిగి, హెల్మెట్ తీసి, వరండాలోని సరుకంతా ఒకసారి ఓపిగ్గా చూసింది.

"ఎవరండీ మీరు?"

"ఈ చెక్‌పోస్టు సూపర్‌వైజర్నమ్మా. రిటైరయ్యాను."

"రిటైరైనవాళ్లు గేటేసి లారీలు ఆపడమేంటండీ?"

"నేనాపలేదు. వాళ్లే ఆగారు."

"మరి ఇవన్నీ?"

"నేనడగలేదు. వాళ్లే పెట్టారు."

"పట్టుబడ్డవాళ్లందరూ ఇదే చెప్తారండీ. కోడి దగ్గర్నించి ఉంది, మళ్ళీ అడగలేదంటే ఎలా?"

సర్వీసులో ఉండగా విజిలెన్సువాళ్లు రెండుసార్లు వచ్చి, ఏమీ దొరక్క, చెయ్యి కలిపి వెళ్లిన మనిషి ఆయన. "నా సంగతి నన్నడక్కండి. ఈ డ్రైవర్లందరూ నన్నెరుగుదురు. ముప్ఫై ఏళ్ళు నేనెలా పనిచేశానో వాళ్లనే అడగండి" అన్నాడు గుండె మీద చెయ్యేసుకుని.

ఎస్సై నాంచారయ్య వైపు తిరిగింది. నాంచారయ్యకు సారు ఇబ్బందిలో పడ్డాడని అర్థమైంది. పొద్దుటి గొడవ మర్చిపోయి, ఆపదలో ఆదుకుందామని ముందుకొచ్చాడు.

"ధర్మాత్ముడండీ మేడంగారూ. ఇలాంటి ఆఫీసరు మళ్ళీ రాడు. మిగతా గేట్లలో లోడు చూసి ఇంతని అడిగేవోళ్లు. ఈయన హయాంలో ఎప్పుడూ ఒకటే గెల. అన్నేళ్ళలో రెండోది అడిగిన పాపాన పోలేదు. ఇయ్యాలే ఏదో కోపంలో ఉన్నారు."

"మా నాన్న రోజుల్నించీ అంతేనండి" అన్నాడు కొబ్బరి లారీవాడు. "పండగైనా పబ్బమైనా ఇరవై కాయలే. అన్యాయం చెయ్యలేదు."

వెంకటకృష్ణారావుకు మొదట వినబడింది అర్థం కాలేదు. అర్థమయ్యాక, "నేనా? నేను తీసుకున్నానా? ఎప్పుడిచ్చావురా నాకు?" అన్నాడు.

"మీ చేతికి కాదులెండి" అన్నాడు నాంచారయ్య గౌరవంగా. "మీరంత పెద్దమనిషి, చేత్తో తీసుకుంటారా? వంతెన దిగాక ఎల్లారావుగారింట్లో ఇచ్చేవోళ్లం, మీ పేరు చెప్పి. కొత్తగా తెరిచారని ఇయ్యాల ఇక్కడే దించాను."

అందరూ ఎల్లారావు వైపు తిరిగారు. ఎల్లారావు గేటు కర్ర మీద చెయ్యి తియ్యలేదు, కళ్ళు మాత్రం దించుకున్నాడు.

"సారు ఏదీ చేత్తో ముట్టుకోలేదండి. అది మాత్రం పచ్చి నిజం."

"ఎందుకు చేశావురా ఈ పని?" అన్నాడు వెంకటకృష్ణారావు.

"ఏం చెయ్యమంటారండీ? మీరొచ్చిన కొత్తలో ఏమీ పుచ్చుకోకపోయేసరికి డ్రైవర్లు హడలిపోయారండి. పుచ్చుకోని ఆఫీసరంటే లోడంతా దింపించి కాటా వేయిస్తాడని, ఈ రోడ్డు మానేసి చుట్టూ తిరిగి పోయేవోళ్లు. గేటు దగ్గర బండే ఉండేది కాదు. వసూళ్ళు పడిపోయాయని మిమ్మల్ని బదిలీ చేస్తారేమోనని నాకు భయమేసింది. అందుకని సారుకి ఇష్టమే, చాటుగా ఇయ్యండని చెప్పానండి. అప్పట్నించీ ఎవరికీ బాధ లేదు." దాచి లాభం లేదనుకున్నట్టు, "నేనొక్కణ్ణే తినలేదండి. సగం మీ ఇంటికే ఇచ్చేవోణ్ణి, మా తోటలోవని చెప్పి" అన్నాడు.

వెంకటకృష్ణారావు భార్య వైపు చూశాడు. వారం వారం ఇంటికొచ్చిన ఎల్లారావు తోట అరటిపళ్ళు, కార్తీకమాసంలో ఎల్లారావు తోట కొబ్బరికాయలు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

"నీకు తెలుసా?"

"ఎల్లారావుకి సెంటు భూమి లేదని ఊళ్ళో అందరికీ తెలుసండీ" అంది మాణిక్యం.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు తినరు."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కోడి పక్కకు జరిగింది. అపార్టుమెంటులో నవ్వినవాళ్లందరి మీదా ఇన్నేళ్ళూ పడ్డ కోపం ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తోచలేదు. వాళ్లు నవ్వింది అబద్ధానికి కాదు. తాను ఉపవాసం ఉన్నాననుకుని ముప్ఫై ఏళ్ళూ కడుపునిండా తిన్నాడు. ఆ అవమానానికి కళ్ళలో నీళ్లు తిరిగాయి. అవి ఎస్సై చూడకుండా చొక్కా చేతితో తుడుచుకున్నాడు.

ఉష కేసు రాద్దామంటే ఫిర్యాదు చేసేవాడు ఒక్కడూ లేడు, పైగా సాక్షులందరూ పొగుడుతున్నారు. చివరికి సరుకంతా ఊళ్ళో హాస్టలు పిల్లలకు పంపమని, గేటు కర్ర ఇప్పుడే పీకెయ్యమని, ఇంకోసారి ఇలాంటి ముచ్చట్లు పెట్టుకోవద్దని చెప్పింది. "ఆ కారులో ఆయనెవరో చేతులు పైకెత్తి కూర్చున్నాడు, ఆయన్ని పంపించండి ముందు" అని కూడా అంది.

పిలుపు అందగానే డీటర్ కారు దిగి, పాస్‌పోర్టు రెండు చేతులా పట్టుకుని వచ్చాడు. వెనకే హేమసుందర్, మాటలు అటూ ఇటూ చేరవెయ్యడానికి. పాడుపడ్డ సరిహద్దు కోసం అంత దూరం వచ్చిన మనిషి, సున్నం వాసన పీలుస్తూ, అరటిగెలల ముందు ఆగిపోయాడు. చాలాసేపు వాటినే చూశాడు. తర్వాత మెల్లగా ఏదో చెప్పాడు.

"ఈయన అమ్మమ్మ ఆ అవతలి దేశంలో ఉండేదటండీ" అన్నాడు హేమసుందర్. "అక్కడ అరటిపళ్ళు దొరికేవి కావంట. చూడ్డానికెళ్లినప్పుడల్లా వీళ్లు పట్టుకెళ్లేవాళ్లంట. ఒకసారి గేటు దగ్గర ఒక కుర్ర ఆఫీసరు వాటికేసి అలా చూస్తూ ఉండిపోయాడంట. వీళ్ల నాన్న ఒకటి ఇవ్వబోతే భయపడి ఎనక్కి జరిగాడంట. తీసుకుంటే ఉద్యోగం పోద్ది కదండీ. ఆ కుర్రాడి మొహం ఈయన ఇప్పటికీ మర్చిపోలేదంట."

వెంకటకృష్ణారావు తలెత్తాడు. ఆ ఎరగని కుర్రాడి మీద ఆయనకు అసూయ కలిగింది. వాడికి గేటుమాన్ లేడు.

డీటర్ ఇంకేవో అడిగాడు. హేమసుందర్ అక్కడి లారీలవాళ్లు చెప్పుకుంటుంటే తాను విన్నది విన్నట్టు జవాబులు చెప్పాడు. అతను కల్పించి చెప్పే రకం కాదు. పెద్దాయన తల పంకించి, వెంకటకృష్ణారావుకు వంగి నమస్కరించి, కుర్చీలోంచి లేవొద్దని సైగ చేసి, కెమెరా తీశాడు. వాడిన దండ ఎవరూ ఎవరి మెడలోనూ వెయ్యలేదు. పులిహోర మాత్రం ఆయన మూడుసార్లు పెట్టించుకున్నాడు. చప్పటి పప్పు ముట్టుకోలేదు.

పుస్తకం ఎండాకాలం దాటాక వచ్చింది. బరువైన అట్ట, నున్నటి కాగితం. పుట తర్వాత పుట గడ్డి మొలిచిన రోడ్లు, అద్దాలు పగిలిన కాపలా గదులు, మనిషన్నవాడు లేని గేట్లు. ఒక్క పుటలో మాత్రం తెల్లటి సున్నం, మామిడాకులు, గెలలు, కొబ్బరికాయలు, చేపలు, పది ఇటుకలు, వాటి మధ్య కుర్చీలో ఎర్రబడ్డ కళ్ళతో వెంకటకృష్ణారావు. ఫోటో కింద జర్మన్‌లో ఒక ముక్క రాసి ఉంది.

ఆయన దాన్ని చదవమని కీర్తనకిచ్చి, కళ్ళద్దాలు సవరించుకుని, ఏ మాట వచ్చినా తగువుకు సిద్ధమై కూర్చున్నాడు. జర్మనీకి ఘాటుగా రాయవలసిన జవాబులో మొదటి వాక్యం కూడా ఆలోచించి పెట్టుకున్నాడు. కీర్తన ఫోను కెమెరా ఆ అక్షరాల మీద పెట్టి, తెలుగులోకి మార్చుకుని చదివింది.

"ఈయన ఇక్కడ ముప్ఫై ఏళ్ళు అధికారి. తన చేత్తో ఏదీ ముట్టుకోలేదు."

మాణిక్యం లోపలికి వెళ్లిపోయింది. వెంకటకృష్ణారావు ఆ రెండు వాక్యాలూ మళ్ళీ చదివించుకున్నాడు, మూడోసారి కూడా చదివించుకున్నాడు, కానీ కోప్పడటానికి అందులో ఒక్క అబద్ధమూ దొరకలేదు.